మిజాజు తెలిసిన మహా హకీము: షేఖుర్రయీస్ బూ అలీ సీనా

మన వాళ్ళు ఇద్దరు ఎదురుపడితే సలాం చెప్పుకున్న తరువాత మొదట అడిగే మాట మిజాజ్ ఎట్లా వుంది అని. కొంచెం మర్యాదస్తులైతే మిజాజ్ షరీఫ్ అంటారు. దగ్గరివాళ్ళయితే తబియత్ బాగుందా అంటారు. ఈ రెండూ వైద్యశాస్త్రంలోంచి ఇంట్లోకి వచ్చిన మాటలని అడిగేవాళ్ళలో చాలామందికి తెలియదు, జవాబు చెప్పేవాళ్ళకూ తెలియదు. మిజాజ్ అంటే అరబ్బీలో కలయిక. వేడి, చలువ, తడి, పొడి అనే నాలుగు గుణాలు ఒక మనిషిలో ఏ పాళ్ళలో కలిసి వున్నాయో ఆ పాకమే అతని మిజాజు. ఆ పాకం చెడిపోకుండా లోపల నుంచి చూసుకుంటూ వుండే శక్తి తబియత్. తెలుగులో మిజాజు అంటే డాబు, బడాయి అన్న అర్థం కూడా వచ్చి చేరింది గాని, మొదట అది రోగి మంచం దగ్గర పుట్టిన మాట.

ఈ మాటల వెనకనున్న శాస్త్రాన్ని ఒక క్రమంలో పెట్టి, వెయ్యేళ్ళపాటు నిలిచే గ్రంథంగా వ్రాసిన మహానుభావుడు బూ అలీ సీనా. అరబ్బీ పుస్తకాల్లో ఇబ్న్ సీనా అంటారు, యూరపు వాళ్ళు అవిసెన్నా అన్నారు, హకీములు ఇప్పటికీ షేఖుర్రయీస్ అని గౌరవంగా తలుచుకుంటారు. మన సావనీరులో పెద్దల జీవితాలు వేసుకోవడం ఆనవాయితీ గనుక, ఈసారి ఆయన సంగతి నాలుగు మాటలు వ్రాయదలచుకున్నాము. శరీరం తనలో తాను సమతూకం ఎట్లా నిలుపుకుంటుందో చెప్పినవాడు తన శరీరం విషయంలో ఏమి చేసుకున్నాడో కూడా ఇందులో వస్తుంది. గొప్పవాళ్ళ జీవితాల్లో తీపి మాత్రమే ఏరి వడ్డించడం మాకు ఇష్టం లేదు.

ఆయన హిజ్రీ 370లో, అనగా క్రీ.శ. 980లో, బుఖారా దగ్గర అఫ్షానా అనే వూళ్ళో పుట్టారు. ఇప్పుడది ఉజ్బెకిస్తాన్ దేశంలో వుంది. తండ్రి అబ్దుల్లాది బల్ఖ్, సామానీ ప్రభువుల కొలువులో వుద్యోగి. తల్లి సితారా ఆ అఫ్షానా పిల్లే. కుటుంబం బుఖారా చేరింది. పదేళ్ళు నిండేసరికి పిల్లవాడికి ఖుర్‌ఆన్ వచ్చేసింది, సాహిత్యం చాలా వచ్చేసింది. లెక్కలు నేర్పించడానికి తండ్రి అతన్ని ఎవరి దగ్గరికి పంపాడో తెలుసా? కూరగాయలు అమ్ముకునే ఒక దుకాణదారు దగ్గరికి. ఆ దుకాణదారుకు హిందూ లెక్కలు, అంటే మన దేశం నుంచి వెళ్ళిన అంకెలతో చేసే లెక్కలు, బాగా వచ్చు. బుఖారా బజారులో కూరగాయల తక్కెడ పక్కన కూర్చుని మన దేశపు అంకెలు దిద్దుకున్న పిల్లవాడు అన్నమాట. ఈ సంగతి ఆయనే స్వయంగా చెప్పి వ్రాయించారు.

తరువాత నాతిలీ అనే పండితుడు ఇంటికొచ్చి తర్కం, రేఖాగణితం చెప్పాడు. కొన్నాళ్ళకే గురువుకంటే శిష్యుడు ముందుకు పోయాడు. ఫిఖ్‌హ్ వేరే గురువు దగ్గర చదివాడు. వైద్యం కష్టమైన శాస్త్రాలలోది కాదని ఆయన తేల్చేశారు. ఈ మాట చదివితే మన డాక్టర్లకు కోపం రావచ్చు! ఏమైనా పదహారేళ్ళ వయసులో పెద్ద పెద్ద వైద్యులు ఆయన దగ్గరికి వచ్చి చదువుకునే స్థితి వచ్చింది. పుస్తకంతో సరిపెట్టుకోలేదు, రోగులను స్వయంగా చూడడం మొదలుపెట్టారు. పుస్తకంలో లేని సంగతులు అక్కడే తెలిశాయట.

ఆయన్ని ఓడించిన పుస్తకం ఒకటుంది. అరిస్టాటిల్ తత్వగ్రంథం నలభైసార్లు చదివారు, కంఠతా వచ్చింది, అర్థం మాత్రం కాలేదు. ఒకనాడు సాయంత్రం పుస్తకాల బజారులో ఒక దళారీ ఏదో పాత పుస్తకం కొనమని వెంటపడ్డాడు. అమ్మేవాడు ఇబ్బందుల్లో వున్నాడు, మూడు దిర్హాములకే ఇస్తానన్నాడు. అయిష్టంగానే కొన్నారు. తీరా చూస్తే అది ఆ అరిస్టాటిల్ గ్రంథం మీద ఫారాబీ వ్రాసిన వివరణ. ఆ రాత్రితో ముడి వీడింది. మర్నాడు అల్లాహ్‌కు శుక్రియాగా బీదలకు దానం చేశారు. చిక్కు ప్రశ్న వస్తే మసీదుకు వెళ్ళి నమాజు చేసి దారి చూపమని వేడుకునేవాడినని కూడా ఆయన చెప్పుకున్నారు. అదే నోటితో, రాత్రి చదువులో నిద్ర ముంచుకొస్తే ఒక గ్లాసు మద్యం తాగి మళ్ళీ కూర్చునేవాడినని కూడా చెప్పారు. ఆయన దాచలేదు, మేమూ దాచడం లేదు. విద్య గొప్పదైనంత మాత్రాన హరాం హలాల్ అయిపోదు.

బుఖారా ప్రభువు నూహ్ ఇబ్న్ మన్సూర్‌కు జబ్బు చేసి ఆస్థాన వైద్యులకు పాలుపోనప్పుడు ఈ కుర్రవాణ్ణి పిలిపించారు. వాళ్ళతో కలిసి వైద్యం చేశాడు. ఆయన అడిగినదల్లా రాజుగారి గ్రంథాలయంలో చదువుకోవడానికి అనుమతి. ఎన్నో గదులు, గదిగదికీ పుస్తకాల పెట్టెలు, ఒక్కొక్క గదికి ఒక్కొక్క శాస్త్రం. పద్దెనిమిదేళ్ళకు తన చదువు పూర్తయిందనీ, ఆ తరువాత కొత్తగా నేర్చుకున్నది లేదనీ, వున్నదే పక్వానికి వచ్చిందనీ తరువాత అన్నారు.

ఆపైన బతుకంతా ప్రయాణమే. తండ్రి పోయాడు, సామానీల రాజ్యమూ పోయింది. ఖ్వారిజం చేరి అక్కడ కొన్నేళ్ళున్నారు. అక్కడినుంచి మళ్ళీ బయలుదేరి వూరూరా తిరుగుతూ కాస్పియన్ సముద్రం దగ్గరి జుర్జాన్ చేరారు. ఎవరి ఆశ్రయం కోరి వచ్చారో ఆ ఖాబూస్ ప్రభువు అప్పటికే పట్టుబడి చనిపోయాడు. ఆ జుర్జాన్‌లోనే జూజ్జానీ అనే శిష్యుడు దొరికాడు, పాతికేళ్ళపాటు వదలలేదు. గురువు చెప్పగా స్వీయచరిత్ర వ్రాసుకున్నదీ, మిగతా జీవితం తాను చూసింది చూసినట్టు చేర్చిందీ ఈయనే. గురువుగారి బలహీనతలు కూడా మొహమాటం లేకుండా వ్రాశాడు, అందువల్లనే ఆ చరిత్ర నమ్మదగినదిగా వుంది. ఖానూన్ ఫిత్తిబ్ అనే మహాగ్రంథం మొదలుపెట్టింది కూడా జుర్జాన్‌లోనే. రయ్ నగరంలో కొంత, హమదాన్‌లో మరికొంత వ్రాశారు. మొత్తం అయిదు పుస్తకాలు. రెండో పుస్తకంలో వందల కొద్దీ మూలికలూ దినుసులూ అక్షరక్రమంలో వుంటాయి.

మొదటి పుస్తకమే ప్రాణం. అందులో ఆయన ఎతెదాల్, అంటే సమతూకం గురించి చెప్పిన మాటలు కొంచెం నిదానంగా చూద్దాం.

మూలం గ్రీకు వైద్యులది, ముఖ్యంగా గాలెన్‌ది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మనమూ ఒప్పుకోవాలి. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలు. వాటి పాలు సరిగా వుంటే ఆరోగ్యం, తప్పితే రోగం. ఇబ్న్ సీనా చేసిన పని ఏమంటే, సరిగా వుండడం అంటే ఏమిటి అని గట్టిగా నిలదీశారు. తక్కెడలో రెండు పళ్ళాలు సమానంగా నిలిచినట్టు నాలుగు గుణాలూ అచ్చంగా సమానమైన వస్తువు లోకంలో ఎక్కడా వుండదు, మనిషి అసలే అట్లా వుండడు అన్నారు. వైద్యుడు వెతకవలసిన సమతూకం వేరు. దేనికి ఎంత ఇవ్వాలో దానికి అంత ఇచ్చే న్యాయం అది. గుండెకు దాని వేడి దానికుండాలి, మెదడుకు దాని చలువ దానికుండాలి. అందరికీ ఒకే కొలత పెడితే అది న్యాయం కాదు. అరబ్బీలో ఎతెదాల్ అనే మాటా, న్యాయం అనే అర్థమున్న అద్ల్ అనే మాటా ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

అందుకు ఆయన ఇచ్చిన వుదాహరణలో మన దేశం వుంది. హిందూదేశం వారికి ఒక మిజాజు వుంది, దానితో వాళ్ళు ఆరోగ్యంగా వుంటారు. చలిదేశపు స్లావులకు వేరొక మిజాజు వుంది. హిందూదేశం వాడికి స్లావు మిజాజు తెచ్చిపెడితే వాడు జబ్బుపడతాడు, చచ్చిపోయినా పోవచ్చు. అటునుంచి ఇటు తెచ్చినా అంతే. దేశానికి ఒక తూకం, ఆ దేశంలో ఒక్కొక్క మనిషికి ఒక తూకం, ఒక మనిషిలో ఒక్కొక్క అవయవానికి ఒక తూకం. వయసును బట్టి కూడా మారుతుంది.

మరి అవయవాల్లో అన్నిటికంటె సమతూకంగా వున్నది ఏది? చర్మం అన్నారు. చర్మంలో చేతి చర్మం, చేతిలో అరచెయ్యి, అందులో వేళ్ళు, వేళ్ళలో చూపుడువేలు, చూపుడువేలిలో దాని కొస. ఎందుకంటే వేడినీ చలినీ, మెత్తననీ గట్టినీ తూచి తీర్పు చెప్పవలసినది అదే. తీర్పు చెప్పేవాడు ఏ పక్షానికీ ఒరగకూడదు. హకీం సాబ్ నబ్జ్ చూడడానికి మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టినప్పుడు ఆ వేలికొసలు న్యాయాధికారి పని చేస్తున్నాయన్నమాట. నాడిలో పది లక్షణాలు చూడమన్నారు: ఎంత పెద్దగా కొడుతోంది, ఎంత బలంగా, ఎంత వేగంగా, నాళం మెత్తగా వుందా గట్టిగా వుందా, దెబ్బకూ దెబ్బకూ ఎడమెంత, వరుస తప్పుతోందా అని యిట్లా.

ఈ తూకం పాడయ్యేది దేనివల్ల? ఆరు సంగతుల వల్ల. పీల్చే గాలి, తినే తిండీ తాగే నీరూ, వంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఆఖరుది లోపల నిలవవలసినవి నిలవడం, బయటికి పోవలసినవి పోవడం. ఈ ఆరూ లేకుండా ఎవడూ బతకలేడు, ఈ ఆరూ హద్దు దాటితే ఎవడూ బాగుండడు. అందులో మనసును కూడా కలిపారు చూడండి, మాకు అది ఎంతో నచ్చింది. కోపం, భయం, దిగులు కూడా తిండిలాగే శరీరంలోకి పోయి పని చేస్తాయన్నమాట.

దీనిమీద ఒక కథ వుంది. జుర్జాన్‌లో ఖాబూస్ ప్రభువు బంధువు కుర్రవాడొకడు మంచం పట్టాడు. ఏ వైద్యుడికీ రోగం చిక్కలేదు. ఇబ్న్ సీనా వచ్చి వాడి నాడి మీద వేళ్ళు పెట్టి, వూరంతా తెలిసిన మనిషినొకణ్ణి పిలిచి వరుసగా పేటల పేర్లు చెప్పమన్నారు. ఒక పేట పేరు దగ్గర నాడి తుళ్ళింది. ఆ పేటలో వీధుల పేర్లు, తరువాత ఇళ్ళ పేర్లు, ఆ ఇంట్లో మనుషుల పేర్లు. ఒక పేరు దగ్గర నాడి గుట్టు మొత్తం చెప్పేసింది. పెళ్ళి చేస్తే రోగం పోయింది. నిజామీ అరూజీ అనే రచయిత వంద సంవత్సరాలకు పైగా గడిచిన తరువాత ఈ కథను వ్రాశాడు. ఇందాక చెప్పినట్టు ఇబ్న్ సీనా చేరేసరికి ఖాబూసే లేడు, కనుక కథను కథగానే తీసుకోవాలి. అయితే కథ గాలిలోంచి పుట్టలేదు. పేర్లు చెబుతూ నాడి చూసి ప్రేమరోగాన్ని పట్టుకునే పద్ధతి ఖానూన్‌లోనే వుంది, తాను చేసి చూశాననీ, పనిచేసిందనీ ఆయనే వ్రాసుకున్నారు.

ఆయన చేతి వైద్యం ఎంత సాదాగా వుండేదో జూజ్జానీ వ్రాసిన రెండు సంగతులు చాలు. ఖ్వారిజంలో క్షయ పట్టిన ఒక స్త్రీకి గుల్‌ఖంద్ తప్ప మరే మందూ ముట్టుకోవద్దన్నారు. ఆమె ఆనాటి తూకం ప్రకారం నూరు మన్‌ల గుల్‌ఖంద్ తిని కోలుకుందట. తనకే ఒకసారి విపరీతమైన తలనొప్పి వచ్చి, తలలో వాపు దిగబోతోందని అనిపించింది. మంచు దంచి, గుడ్డలో చుట్టి, తలకు కట్టించుకున్నారు. వాపు రాలేదు. ఇట్లాంటి అనుభవాలు ఖానూన్‌లో చేర్చాలని వ్రాసిపెట్టుకున్న కాగితాలు, పుస్తకం పూర్తి కాకముందే పోయాయి. వైద్యలోకానికి అదొక నష్టం.

తబియత్ సంగతి ఒకటి మిగిలింది. శరీరాన్ని నడిపేది తబియత్, వైద్యుడు దానికి నౌకరు. జ్వరం తగ్గించేదీ, గాయం మాన్పేదీ, చెడును బయటికి తోసేదీ తబియతే. వైద్యుడు చేయగలిగిందల్లా దాని చేతికి సామాను అందివ్వడం, దానికి అడ్డు రాకుండా వుండడం. యునానీ వైద్యానికి పునాది ఇదే. చార్మినార్ పక్కనున్న నిజామియా దవాఖానాలోనైనా, ఎర్రగడ్డ పరిశోధనా సంస్థలోనైనా, కర్నూలు యునానీ కళాశాలలోనైనా విద్యార్థులు మొదట నేర్చుకునేది ఈ మాటే.

ఖానూన్ 12వ శతాబ్దంలో టొలెడోలో గెరార్డ్ చేతిమీదుగా లాటిన్‌లోకి వెళ్ళింది. యూరపు విశ్వవిద్యాలయాల్లో 17వ శతాబ్దం దాకా పాఠ్యపుస్తకంగా నిలిచింది. 1593లో అరబ్బీ మూలాన్ని రోమ్ నగరంలో అచ్చువేశారు. తప్పులు లేవా అంటే వున్నాయి. గుండెలో కుడి గదినుంచి ఎడమ గదిలోకి రక్తం మధ్యగోడలోంచి పోతుందని గాలెన్ చెప్పినదాన్ని ఆయనా నమ్మారు. 13వ శతాబ్దంలో డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ నఫీస్, ఈ ఖానూన్ మీదనే వ్యాఖ్య వ్రాస్తూ, ఆ గోడకు రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగివస్తుందని నిర్మొహమాటంగా సరిదిద్దాడు. గురువును గౌరవించడమంటే ఇదీ.

ఇక ఆ నాలుగు ద్రవాల సిద్ధాంతం నిలవలేదు. దాన్ని నిలిపి చూపించాలని మేము ప్రయత్నించబోము. అయితే లోపలి తూకం అన్న మాట నిలిచింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు క్లాడ్ బెర్నార్డ్, బయట ఎండలున్నా చలి వున్నా శరీరం తన లోపలి పరిసరాన్ని ఒకేలా వుంచుకుంటుందని చూపించాడు. కాలేయం చక్కెరను దాచి అవసరమైనప్పుడు వదులుతుందని కనిపెట్టింది ఆయనే. 1926లో అమెరికా వైద్యుడు వాల్టర్ కానన్ దీనికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. ఈ కానన్ చిన్నప్పుడు, అంటే విద్యార్థిగా వున్నప్పుడు, ఎక్స్‌రేతో పిల్లుల కడుపు చూస్తుంటే, పిల్లికి భయమో కోపమో కలిగిన క్షణంలో కడుపు కదలికలు ఆగిపోవడం గమనించాడు. ఖానూన్‌లోని ఆరు సంగతుల్లో నాలుగోది ఎక్స్‌రే తెర మీద కనిపించిందన్నమాట!

ఇవాళ లెక్కలు వచ్చాయి. వంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ చుట్టూ వుంటుంది. పెరిగితే చెమట పడుతుంది, చర్మంలోని నాళాలు వెడల్పవుతాయి. తగ్గితే వణుకు పుడుతుంది, ఆ వణుకే కండరాల్లో వేడి పుట్టిస్తుంది. రక్తంలో ఆమ్లం, క్షారం లెక్క 7.35కూ 7.45కూ మధ్య వుండాలి. వూపిరితిత్తులూ మూత్రపిండాలూ కలిసి దాన్ని కాపాడతాయి. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలోకే పంపిస్తాయి. నిలవవలసినవి నిలవడం, పోవలసినవి పోవడం అని షేఖుర్రయీస్ అన్నది గుర్తుచేసుకోండి.

మనకు దీని అర్థం బాగా తెలిసేది రమజాన్ నెలలో. సహరీ తిన్నాక కొన్ని గంటలు ఆ తిండిలోని చక్కెరతో గడుస్తుంది. తరువాత రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయం దాచిన చక్కెరను కొంచెం కొంచెంగా వదులుతుంది, కొవ్వు కూడా కరుగుతుంది. నీరు తగ్గుతోందని మెదడుకు తెలియగానే మూత్రపిండాలకు కబురు పోతుంది, అవి నీటిని పట్టి వుంచుతాయి. అసర్ వేళకు మూత్రం చిక్కగా పసుపుగా రావడం అందుకే. రోజా వున్న ఆరోగ్యవంతుడు ఇఫ్తార్ ముందు దుకాణంలో కూర్చుని మామూలుగా బేరం చేసుకుంటున్నాడంటే లోపల ఇంత పని జరుగుతోంది. చక్కెర జబ్బు వున్నవాడికి ఈ యంత్రాంగమే దెబ్బతిని వుంటుంది. వాడు ఇన్సులిన్ తీసుకుంటూ డాక్టరును అడగకుండా రోజా వుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. లేదా ఇఫ్తార్‌లో తిన్నదానికి ఎక్కడికో పెరిగిపోవచ్చు. రోగికీ ప్రయాణికుడికీ అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. ఇచ్చిన సడలింపును వద్దనడం పుణ్యమని మన పేటల్లో కొందరు ముసలివాళ్ళు పట్టుబడతారు. పెళ్ళి దావత్‌లో బిర్యానీ, డబుల్ కా మీఠా తిని, ఆ రాత్రి మాత్ర ఒకటికి రెండు వేసుకుంటే సరిపోతుందనుకునే పడుచువాళ్ళు మరో వైపు. ఇద్దరిదీ తూకం తెలియని పనే. రమజాన్‌కు నెల ముందే వెళ్ళి మందు వేళలూ మోతాదూ డాక్టరు చేత మార్పించుకోవాలని మా మనవి.

మోతాదు అనగానే షేఖుర్రయీస్ చివరి రోజులు చెప్పవలసి వస్తుంది.

హమదాన్ పాలకుడు షమ్సుద్దౌలాకు కడుపుశూల, అంటే ఖులంజ్, వస్తే నయం చేశారు. దాంతో వజీరు అయ్యారు. సిపాయిలు తిరగబడి ఇల్లు చుట్టుముట్టి, దోచుకుని, చంపమని పట్టుబట్టారు. రాజు చంపలేదు గాని పదవి తీసేశాడు. నలభై రోజులు అబూ సయీద్ దఖ్దూక్ అనే స్నేహితుడి ఇంట్లో దాక్కున్నారు. అంతలో రాజుకు మళ్ళీ శూల వచ్చింది. వెతికి పిలిపించి, తప్పయిందని మళ్ళీ వజీరును చేశాడు. పగలంతా రాజ్యం పని, రాత్రి విద్యార్థులకు పాఠం, పాఠం అయ్యాక పాటకచేరీ, మద్యం. నిద్ర ఎప్పుడు పోయేవారో తెలియదు. కొన్నాళ్ళకు రాజు దండయాత్రకు పోతూ వైద్యుడు చెప్పిన పథ్యం పాటించలేదు. శూల తిరగబెట్టి 1021లో దారిలోనే పోయాడు.

తరువాతి ప్రభుత్వానికి అనుమానం వచ్చి ఆయన్ని ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదు చేసింది. ఖైదులో వ్రాసిన పుస్తకాల్లో ఒకటి ఖులంజ్ గురించి. ఆ శూలే ఒకనాడు తనను తీసుకుపోతుందని అప్పుడు తెలియదు. విడుదలైన కొంతకాలానికి సూఫీల వేషంలో, తమ్ముడూ జూజ్జానీ వెంట రాగా, ఇస్ఫహాన్ చేరి అలావుద్దౌలా కొలువులో మిగతా బతుకు గడిపారు.

గురువుగారు దేహబలం మెండుగా వున్నవారే గాని భోగాల్లో, ముఖ్యంగా స్త్రీభోగంలో, మితం పాటించలేదనీ, దాంతో ఆరోగ్యం చెడిందనీ జూజ్జానీయే వ్రాశాడు. అలావుద్దౌలా యుద్ధానికి బయలుదేరిన ఒక సందర్భంలో ఆయనకే శూల పట్టుకుంది. సైన్యం వెనక్కి పారిపోవలసి వస్తే తాను నడవలేనని భయం. ఎట్లాగైనా త్వరగా నయం కావాలి. ఒకే రోజున ఎనిమిదిసార్లు ఎనిమా చేయించుకున్నారు. పేగులు పుండుపడ్డాయి. తబియత్‌కు అడ్డు రాకూడదన్నవాడు ఎనిమిదిసార్లు అడ్డు వచ్చాడు! ఇంకో రోగి ఎవడైనా ఇట్లా చేసుకుంటే ఆయనే ఎంత కోప్పడి వుండేవారో!

ఆ తరువాతది మరీ ఘోరం. మందులో రెండు దానిక్‌ల కరఫ్స్ గింజలు వేయమన్నారు. అది మన వాముకు చుట్టమైన మొక్క. సాయం చేస్తున్న వైద్యుడు అయిదు దిర్హాముల ఎత్తు వేశాడు. ఆరు దానిక్‌లు ఒక దిర్హాము కనుక, చెప్పినదానికి పదిహేను రెట్లు. కావాలని చేశాడా, పొరపాటా తెలియదంటాడు జూజ్జానీ. పుండు ఇంకా పెరిగింది, మూర్ఛలు వచ్చాయి. మూర్ఛకు వేసుకునే లేహ్యంలో ఒక నౌకరు నల్లమందు ఎక్కువగా కలిపాడు. ఆయన డబ్బు కాజేసినవాళ్ళు బయటపడతామని చేసిన పని అది. ఇంత జరిగినా ఇస్ఫహాన్ చేరి, తన వైద్యం తానే చేసుకుని, లేచి దర్బారుకు వెళ్ళగలిగారు. అప్పుడైనా జాగ్రత్తపడి వుంటే ఎట్లా వుండేదో! పడలేదు. కొంచెం తేరుకోవడం, మళ్ళీ పడిపోవడం.

1037లో అలావుద్దౌలా వెంట హమదాన్‌కు బయలుదేరితే దారిలోనే శూల తిరగబెట్టింది. హమదాన్ చేరేసరికి బలం పూర్తిగా తగ్గిందని ఆయనకే తెలిసిపోయింది. ఈ దేహాన్ని నడిపే శక్తి ఇక నడపలేకపోతున్నది, వైద్యం వల్ల ప్రయోజనం లేదు అని మందులు మానేశారు. పశ్చాత్తాపపడి తౌబా చేసుకున్నారనీ, వున్నది బీదలకు పంచారనీ, బానిసలను విడుదల చేశారనీ, మూడు రోజులకొకసారి ఖుర్‌ఆన్ పూర్తి చేస్తూ గడిపారనీ చరిత్రకారులు వ్రాశారు. తత్వశాస్త్రంలో ఆయన అభిప్రాయాల మీద ఇమాం గజాలీ చేసిన విమర్శలు వున్నాయి, అది పండితుల సంగతి. హిజ్రీ 428 రమజాన్ మాసంలో, అనగా 1037 జూన్‌లో, ఆయన కన్ను మూశారు. చాంద్రమానం ప్రకారం యాభై ఎనిమిదేళ్ళు.

హమదాన్‌లోనే ఖననం చేశారు. ఆయన వెయ్యో జయంతి సందర్భంగా ఇరాన్ ప్రభుత్వం పాత సమాధి స్థానంలో పన్నెండు స్తంభాల ఎత్తైన గోపురం కట్టించి 1954లో ప్రారంభించింది. ఆశ్రయం దొరకని ఖాబూస్ ప్రభువు తన కోసం కట్టించుకున్న గోపురం నమూనా చూసి దాన్ని కట్టారు. లోపల రెండు సమాధులున్నాయి. ఒకటి షేఖుర్రయీస్‌ది. పక్కనున్నది అబూ సయీద్ దఖ్దూక్‌ది, సిపాయిలు తరిమినప్పుడు నలభై రోజులు తన ఇంట్లో దాచిన ఆ స్నేహితుడిది.